వెయ్యి మంది లేస్తారని చెప్పింది నేనే

మా వైపు తిరునాళ్లలో ఎడ్లు బండ లాగే పోటీలకు మైకు పట్టేవాళ్లం ఇద్దరమే. ఒకణ్ణి నేను. గురజాల రోడ్డులో ఎరువుల కొట్టు నాది. రెండోవాడు ట్రాక్టర్ మెకానిక్, ముస్లింల ఇంటి మనిషి. చిన్నప్పటి నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకున్నాం. అతని పేరు ఇక్కడ రాయను. పోలీసు కాగితాల్లో ఇప్పటికే చాలాసార్లు రాశారు.

పొద్దున పూట మైకు నాది. దాతల పేర్లు, జతల యజమానుల పేర్లు, ఏ జత ఎన్ని అడుగులు లాగిందీ చదివేవాణ్ణి. ఒక్క తప్పు దొర్లేది కాదు. ఎండ తగ్గి పెద్ద జతలు బరిలోకి దిగే వేళకు కమిటీవాళ్లు మైకు అతని చేతికిచ్చేవాళ్లు. అతను కాసేపు ఏమీ మాట్లాడడు. గిత్తలు మోకాళ్లు వంచి బండను కదిలించే క్షణం కోసం చూసి, "లెగండయ్యా, అయ్యి లెగిసినయ్యి" అంటాడు. అంతే. గట్ల మీద కూర్చున్న జనం మొత్తం లేచేది, ముసలివాళ్లతో సహా. నేను మాత్రం కుర్చీలోనే ఉండి అడుగులు రాసుకునేవాణ్ణి. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ లేవలేదు.

మొన్నటి ఎన్నికలప్పుడు పోలింగు రోజు గొడవలయ్యాయి. ఓట్ల లెక్కింపుకు ముందు మా ఊళ్లో కేంద్ర బలగాలు దిగాయి. తుపాకులు, హెల్మెట్లు, డాళ్లు పట్టుకుని రోజూ కవాతు. ఒకరోజు సెంటర్లో మాక్ డ్రిల్ అని సగం మంది పోలీసులు అల్లరిమూకలా అరిస్తే, మిగతా సగం వాళ్ల మీదికి బాష్పవాయువు వదిలారు. మిర్చి లారీ డ్రైవరొకడు కళ్లు తుడుచుకుంటూ, మన ఘాటు చాలదని ఇది కూడానా అన్నాడు. టీకొట్ల దగ్గర రోజూ ఇదే వాదన. ఈ మాత్రం భయం లేకపోతే పల్నాడులో తలకాయలు మిగలవని కొందరు, సొంత వీధిలోకి పోవడానికి ఆధార్ కార్డు చూపించాలా అని కొందరు. నేను రెండు వైపులవాళ్లకీ తలాడించేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఎస్సై నన్ను పిలిపించాడు. ఆటోకు మైకు కట్టి నూట నలభై నాలుగో సెక్షన్ సంగతి ఊరంతా చాటాలన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు, టీ తెప్పించాడు. ఆయన ముందు ఒక జాబితా ఉంది. గొడవలకు పోమని ముందుగానే ఎవరెవరితో పూచీకత్తు రాయించాలో ఆ పేర్లు. టీ తాగుతూ, "ఈ చుట్టుపక్కల ఒక్క మాటతో జనాన్ని లేపగలిగేదెవరయ్యా?" అని అడిగాడు.

నేనేనని చెప్పుకోవాలనిపించింది. ఎంత బాధగా ఉన్నా, అది అబద్ధమని నాకు తెలుసు.

"మా మెకానిక్కే సార్. ఆయన ఒక్క మాటంటే వెయ్యి మంది లేస్తారు" అన్నాను.

నిజమే చెప్పాను. ఎడ్లను చూడ్డానికి లేస్తారన్న ముక్క మాత్రం మింగేశాను. ఎస్సై కలం తీయడం చూశాను. చూసి కూడా టీ పూర్తిగా తాగే బయటికొచ్చాను.

మర్నాడు తెల్లవారేసరికి అతని షెడ్డును చుట్టుముట్టారు. రిపేరుకొచ్చిన మోటారు సైకిళ్లను కాగితాలు లేవని ఎత్తుకుపోయారు. అతన్ని రెండు రోజులు స్టేషన్లో ఉంచారు. బయటికొచ్చాక ఎడమ చెయ్యి భుజం దాటి లేవలేదు. పూచీకత్తుతో పోతుందనుకున్నది రౌడీషీట్ అయింది. ప్రతి ఆదివారం వెళ్లి సంతకం పెట్టాలి. అతను మైకు పడితే పోటీలకు అనుమతి లేదన్నారు.

ఆ ఏడాది పెద్ద జతలకు మైకు నాకొచ్చింది. అతని మాటే, అతనిలాగే ఆగి అన్నాను. కమిటీవాళ్లు మొహమాటానికి లేచారు.

పేరిచ్చిందెవరన్న ప్రశ్న ఊళ్లో మొదలైంది. అతని తమ్ముడిది స్పేర్ పార్టుల కొట్టు. పోలీసు జీపుకు సామాను అక్కడే కొంటారు. ఆ కారణంతో నింద తమ్ముడి మీద పడింది, అన్నదమ్ములకు మాటలు ఆగిపోయాయి. తమ్ముడు కాదని నేను అనలేదు.

తర్వాత నరసరావుపేటలో కొందరు లాయర్లు పోలీసు జులుం మీద చర్చాసభ పెట్టారు. వక్తల్ని మైకు దగ్గరికి పిలిచే పని నాకిచ్చారు. ఊరి పోలీసుకు యుద్ధం సామాను ఎందుకని ఒకాయన అడిగాడు. రిటైరైన అధికారి ఒకాయన లేచి, నాటుబాంబుల ముందుకు మమ్మల్ని ఉత్త చేతులతో పొమ్మంటారా అన్నాడు. ఆ మాటా కొట్టిపారేయదగ్గది కాదు. చివర్లో మా మెకానిక్‌ని పిలిచాను. అతను మైకును కుడిచేత్తో పట్టుకుని, "నా చెయ్యి సంగతి వదిలెయ్యండి. మా తమ్ముడి కూతురి పెళ్లయింది. నేను పోలా" అని కూర్చున్నాడు. హాలంతా లేచి నిలబడింది.

దెబ్బలు తిన్న మనిషి కోసం లేచారు. దానికి కూడా నా కడుపు మండింది. ఆ మంట చూసుకుని నాకే భయమేసింది.

వారం తిరక్కుండా షెడ్డుకు వెళ్లి జరిగింది చెప్పాను. అతను స్పానరు కింద పెట్టాడు.

"వెయ్యి మంది అన్నావా?"

"అన్నా."

"ఇన్నేళ్లలో నా మొహాన ఒక్కసారన్నా అనలేదేంది బావా."

అతనే మళ్లీ స్పానరు అందుకుంటూ, "నాకు కాదు, పోయి మావోడికి చెప్పు" అన్నాడు.

తమ్ముడికి చెప్పాను. అతను నన్ను తిట్టలేదు, కొట్టలేదు. షట్టరు దించి, నన్ను అక్కడే వదిలేసి, రోడ్డు దాటి అన్న షెడ్డులోకి పోయాడు. నేనన్నది ఎడ్ల పోటీల సంగతేనని స్టేషన్లో కూడా రాసిచ్చాను. కొత్త ఎస్సై చదివి, పైకి పంపుతామన్నాడు. రౌడీషీట్ ఇంకా తీయలేదు.

ఇప్పుడు ఆదివారాలు అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద సంతకానికి వెళ్తున్నారు. చెయ్యి లేవదు కనుక అన్న వెనక కూర్చుంటాడు. నా కొట్టు ముందు నుంచే పోవాలి. ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ పోతారు, ఇటు చూడరు. పోతున్న బండిని నేను మలుపు దాకా చూస్తాను. పశ్చాత్తాపంతోనే చూస్తున్నానని రాద్దామనుకున్నాను. నిజం రాయడానికే కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ నవ్వు చూసినా నాకు అసూయే.