శంఖం నత్త, చిట్టి గబ్బిలం

మా జూనియర్ కాలేజీ జువాలజీ ల్యాబ్ అటెండర్ పోయిన నెల చనిపోయారు. "దవాఖానకు తీస్కపోతుంటే మన్నెగూడ దాటకముందే బాపు పాణం పోయింది మేడం," అని వాళ్లమ్మాయి ఫోన్లో చెప్పింది.

ఇబ్రహీంపట్నంలో నేను లెక్చరర్‌గా చేరేనాటికే ఆయన అక్కడ పాతవారు. పిల్లలు కాకా అని పిలిచేవారు. స్పెసిమెన్ సీసాల మీద దుమ్ము నిలవనిచ్చేవారు కాదు.

నేను చేరిన మొదటి ఏడాది, క్లాసులో శంఖం నత్తనూ చిట్టి గబ్బిలాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చమన్నాను. ఒకదానికి వెన్నెముక లేదు, ఒకదానికి ఉంది. ఒకటి గుడ్లు పెడుతుంది, ఒకటి పిల్లల్ని కని పాలు ఇస్తుంది. పిల్లలు రాసుకున్నారు. శంఖాన్ని కొందరు కళ్లకద్దుకున్నారు కూడా. గబ్బిలం సీసాను ఎవరూ ముట్టుకోలేదు. ఒకమ్మాయి అపశకునం అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన సీసా తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టారు.

"జర చూడు బిడ్డా. గిది చెయ్యే. వేళ్ల నడుమ తోలు సాగింది, గంతే." తర్వాత శంఖం చూపించారు. "దీని ఇల్లు దీనితోనే పెరుగుతది. గబ్బిలానికి ఇల్లు లేదు. ఏదో ఒక సందు దొరకాలె."

ఆ తేడా నా నోట్సులో లేదు. మరుసటి ఏడాది నుంచి చెబుతున్నాను.

ఆయన సముద్రం చూడలేదు. మాది కాకినాడ దగ్గర. "నత్త నడుస్తే ఇసుకల గీత పడ్తదా మేడం?" అని ఒకసారి అడిగారు. ఆ ఒడ్డునే పెరిగినా నేనెప్పుడూ వంగి చూడలేదు.

వైరస్ భయం ఇంకా పోని రోజుల్లో, పాత బ్లాకు వెంటిలేటర్లలో గబ్బిలాలు చేరాయని తల్లిదండ్రులు గొడవ చేశారు. పొగ పెట్టించాలని ప్రిన్సిపల్ కాగితం రాయించారు. నేనూ సంతకం చేశాను. అది చూసి కాకా నేరుగా ప్రిన్సిపల్ గదికి నడిచారు. వెనకే నేనూ వెళ్లాను.

"పిల్లలున్నయి సార్. వాటికింకా ఎగురుడు రాలే. నెల ఆగుండ్రి, నేనే సందులకు ఇనుప జాలీ కొడ్త."

"అందాక ఎవరికన్నా ఏమన్నా అయితే?"

"ఆ రూములకు తాళమేస్త. ఎవల్నీ పోనియ్య."

ప్రిన్సిపల్ నా వైపు చూశారు. "ఆగవచ్చు సార్," అని నా సంతకం నేనే కొట్టేశాను. ఆ పని నాతో చేయించినందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పాలనుకుంటూనే ఏళ్లు గడిపేశాను.

నెల తర్వాత ఒక సాయంత్రం, గబ్బిలాలన్నీ మేతకు వెళ్లాక ఆయన నిచ్చెన ఎక్కారు. వాచ్‌మన్, నేను కింద పట్టుకున్నాం. జాలీ కొట్టే ముందు, లోపల ఏదైనా మిగిలిందేమోనని ప్రతి సందుకూ చెవి ఆనించి విన్నారు. చివరి వెంటిలేటర్ దగ్గర సుత్తి ఎత్తినవారల్లా ఆగి, మమ్మల్ని మాట్లాడొద్దని సైగ చేశారు. చీకటి పడుతోంది. గోడకు చెవి పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆయన అలాగే నిలబడి ఉన్నారు.