పెదనాన్న చూసిపెట్టిన బొమ్మ కారు

మా ఇంట్లో పెదనాన్న చూడకుండా ఎవరూ బండి కొనలేదు. ట్రాక్టరైనా, స్కూటరైనా, మా బావమరిది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న కారైనా సరే, ఆయన చల్లపల్లి నుంచి బస్సెక్కి వచ్చి, పంచె ఎగగట్టి, కిందికి వంగి చూసి, "కానియ్" అనాల్సిందే. అందుకని యాభై రెండేళ్ల వయసులో నేను రిమోట్ కారు కొంటున్నానని ఎలా తెలిసిందో గానీ, వెంటనే ఫోన్ చేశారు.

"నేనొచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వమాక."

"పెదనాన్నా, అది మూరెడు కూడా ఉండదు. బొమ్మ."

"చక్రాలున్నయ్యా లేవా? మరి బండేగా."

నా సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ల క్రితం ఆఫీసులో ఫిట్స్ వచ్చి పడిపోయాను. మందులు వాడుతున్నాను, మళ్లీ రాలేదు. కానీ డాక్టరుగారు స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. ముప్పై ఏళ్లు నడిపిన మనిషిని! కారు అమ్మేశాం. ఆ తర్వాత ఆటోలో వెనక కూర్చున్నప్పుడల్లా నా కుడికాలు బ్రేకు కోసం వెతికేది. ఏడుపొచ్చేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే ఏడుపొచ్చేది.

పటమటలో ఒక షాపాయన క్లబ్బు పెట్టి, ఆదివారాలు రిమోట్ కార్ల పందేలు నడుపుతున్నాడని విన్నాక ఆశ పుట్టింది. డాక్టరుగారిని అడిగితే, "మీరు లోపల కూర్చోరు కదా?" అన్నారు. కూర్చోనని మాటిచ్చాను.

పెదనాన్న వచ్చేలోపే ఆ షాపులో నేనొక కారు మీద మనసు పారేసుకున్నాను. ఎర్రది. నేలకు అతుక్కుపోయినట్టుంది, కింద వేలు కూడా దూరదు. షాపాయన మాత్రం దాని పక్కనున్న, బగ్గీ అనే రకం కారుని చూపించాడు. పెద్ద టైర్లు, ఎత్తైన నడుము, చూపులకు మిడతలా ఉంది.

"ఎర్రది నున్నటి ట్రాకు మీద పందేలకండీ. మనది మట్టి ట్రాకు. కొత్తగా వచ్చినవాళ్లకి ఇదే చెప్తానండీ."

"నాకు ముప్పై ఏళ్ల డ్రైవింగ్ అనుభవం ఉందండీ," అన్నాను కాస్త గట్టిగానే. ఆయన రెండింటినీ దించి నేల మీద పెట్టాడు. కొనేవాడితో ఎవరు వాదిస్తారు?

అంతలో పెదనాన్న చేతిసంచీతో లోపలికి వచ్చారు. ఏ బండి చూసినా ముందుగా టైరు తన్ని చూడటం ఆయన పద్ధతి. బగ్గీ టైరును తన్నారు. అది షాపంతా దొర్లుకుంటూ పోయి కౌంటరు కిందికి దూరింది. పాకి బయటికి తీశాను. ఒక్క గీత కూడా పడలేదు.

"గట్టిదే," అన్నారు ఆయన. షాపాయన వైపు తిరిగి, "గట్టెక్కుద్దా?"

"ఎక్కుద్దండీ."

"ఆ ఎర్రది?"

"ఎక్కదండీ."

"దీని ముందు కాలు ఇరిగితే?"

"క్లబ్బులో పదిమంది దగ్గర ఇదే ఉందండీ. ఎవరో ఒకరి దగ్గర స్పేరు దొరుకుద్ది. ఎర్రదానికైతే తెప్పించాలండీ, నెల పడుద్ది."

పెదనాన్న నా వైపు చూసిన చూపు నాకు పదో ఏట నుంచీ తెలుసు. "ఊళ్లో నలుగురి దగ్గరున్న బండే కొనాలని ఎన్నిసార్లు చెప్పాన్రా? కోతల్లో ఆగిపోతే ఎవడి కాళ్లు పట్టుకుంటావ్?"

"నాకు కోతలెక్కడున్నయ్ పెదనాన్నా?"

"ఆదివారం ఉందిగా."

ఒళ్లు మండింది. కానీ ఎర్రది విరిగి నెలంతా పెట్టెలో పడుకుంటే, ఆ నెల నేను మళ్లీ వెనక సీటు మనిషినే. బగ్గీయే ప్యాక్ చేయించాను. ఎండకు వేడెక్కదని తెల్లరంగు కూడా ఆయనే ఎంచారు. ఏసీ ఉందా అని మాత్రం అడగలేదు, అంతవరకు నయం.

ఆదివారం పొద్దున కంకిపాడు దారిలో, ఖాళీ స్థలంలో వేసిన ట్రాకు దగ్గరికి మా ఆవిడతో కలిపి ముగ్గురం ఆటోలో వెళ్లాం. మా ఆవిడ కారుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. పెదనాన్న తన సంచీలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి నాలుగు చక్రాల ముందూ పెట్టారు. చుట్టూ క్లబ్బువాళ్లు చేరారు. ఎవరూ నవ్వలేదు. సగం మంది రిమోట్లకు కుంకుమ బొట్లున్నాయి.

రిమోట్ ట్రిగ్గర్ నొక్కాను. కారు ఒక నిమ్మకాయ మీదికెక్కి వెల్లకిలా పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. మూడోసారి నిమ్మకాయలు తలోదిక్కుకు దొర్లిపోయాయి గానీ ఒక్కటీ నలగలేదు. మా ఆవిడ ముఖం పాలిపోయింది. ఇది కూడా నడపొద్దని రాసిపెట్టి ఉందేమోననిపించింది. నిజంగా భయపడ్డాను.

పెదనాన్న చెప్పులు విప్పారు. నిమ్మకాయల్ని తిరిగి వరసలో పెట్టి, కుడికాలితో నాలుగింటినీ టపటపా తొక్కేశారు.

"బండికి బరువు చాల్లా. దాని తరఫున నేను తొక్కాను. పోనియ్," అన్నారు.

డ్రైవర్లు నిలబడే ఎత్తు బల్ల మీదికెక్కాను. నా వెనకే మా ఆవిడా ఎక్కేసింది. అక్కడికి వేరేవాళ్లు రాకూడదని షాపాయన ఏదో అనబోయి, ఆవిడ ముఖం చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. పందెం మొదలైంది. మొదటి మలుపుకే నేను అందరికంటే వెనకబడ్డాను.

"మెల్లిగా అండీ," అంది ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని. "ఎడం పక్కన గుంట ఉంది. అదిగో, వెనక నుంచి ఎవరో వస్తన్నారు. హారన్ కొట్టండి!"

ముప్పై ఏళ్లు నా పక్క సీట్లో కూర్చుని చెప్పిన మాటలే. ఈ రెండేళ్లూ ఆటోలో నా పక్కన కూర్చుని ఒక్కటంటే ఒక్కటి కూడా అనలేదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగి ట్రాకు అలికేసినట్టయింది. కారు గుంటలో పడింది.

"నడిపేది నువ్వా నేనా?" అని రెండేళ్ల తర్వాత మళ్లీ కసిరాను.