ఏరు ఇంకా తగ్గలేదమ్మా

మొన్న మా మనవరాలు నన్ను బలవంతంగా కూర్చోబెట్టి టీవీలో ఒక కథ చూపించింది. ఎప్పుడో రాబోయే కాలంలో, ఆకాశంలో తిరిగే ఓడలో ఒక ముసలాయనకు జ్ఞాపకం పోతుంది. పుట్టిన ఊరి కోసం ఆయన అల్లాడుతుంటే తెల్లకోట్ల వాళ్ళు ఆ ఓడలోనే ఆయన ఊరిని కట్టిస్తారు. వీధులు, ఇళ్ళు, కిటికీలోంచి కనిపించే వాన, అన్నీ యంత్రాల మాయే. ఇరుగుపొరుగులుగా జీతానికి మనుషుల్ని పెడతారు. నాకు సగంలోనే కునుకు పట్టింది. ఆయన పక్కింటావిడ మొహంలోకి చూసి "ఇంతకీ నువ్వెవరు?" అని అడిగినప్పుడు మాత్రం మెలకువ వచ్చేసింది.

"నాయనమ్మా, ఇట్లాంటివి నిజంగా జరుగుతాయంటావా?" అంది పిల్ల.

"జరిగింది. మాచర్ల దగ్గర. నేను కూడా వేషం కట్టాను. మాకు యంత్రాలు లేవు, జీతమూ ఎవరూ ఇవ్వలేదు" అన్నాను.

తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు. 

మా పుట్టిల్లు నరసరావుపేట దగ్గర. అరవైలలో నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తగారి ఊరు లేదు. సాగర్ డ్యామ్ కడుతూ, అక్కడివాళ్ళు ఏరు అని పిలిచే కృష్ణ ఒడ్డు ఊళ్ళను ఖాళీ చేయించారు, తర్వాత నీళ్ళు వచ్చి వాటి మీద నిలిచాయి. ఊరివాళ్ళకు మాచర్ల దగ్గర చెట్టూ చేమా లేని నేలలో ఇళ్ళ స్థలాలిచ్చారు. దాన్ని కాలనీ అనేవాళ్ళు. నాలుగు ఊళ్ళ జనాన్ని ఒకచోట కలిపి పోశారు కాబట్టి ఎదురింటివాళ్ళది ఏ ఊరో అడిగి తెలుసుకోవాల్సిందే. మా ఆయన తాపీ మేస్త్రీ. తన ఊరిని ముంచిన ఆ డ్యామ్ దగ్గరే పనిచేశాడు. ఆ మాట ఎవరైనా అంటే మండిపడేవాడు. "నేను మానుకుంటే కట్టడం ఆగిద్దంటయ్యా?" అనేవాడు.

ఆ జనం ఇళ్ళను వదిలి రాలేదు, విప్పుకుని వచ్చారు. దూలాలు, తలుపులు, నాపరాళ్ళు బండ్లకెత్తారు. మా ఆయన ద్వారబంధంతో పాటు వాకిట్లోని మెట్టురాయి కూడా తెచ్చాడు. మా అత్త పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ దాని మీదే కొడవలి నూరింది. నూరిన చోట బొటనవేలు పట్టేంత పల్లం పడింది. కొత్త ఇంటికి ఆ ద్వారబంధమే నిలబెట్టి, ఆ రాయినే మెట్టుగా వేశాడు. తల్లికి దిగులు కొంతైనా తగ్గుతుందని ఆయన ఆశ. ప్రేమతో చేసిన పనే, కాదనను. అయినా ఆ రాయిని ఏట్లోనే వదిలేసి రావాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నాకు మొదటి కాన్పయ్యాక మా అత్తకు మతిమరుపు మొదలైంది. కూరలో ఉప్పు వేసి మళ్ళీ వేసేది. పొయ్యి ముట్టించి ఎందుకు ముట్టించిందో మరిచిపోయేది. పెద్దతనం అనుకున్నాం. మెట్టు మీద కూర్చుని ఆ పల్లంలో వేలు పెట్టి రుద్దుకుంటూ ఉండేది. కొత్తవన్నీ మనసులోంచి జారిపోయి, ఆ రాయి, ఆ గుమ్మం మాత్రం మిగిలినట్టున్నాయి. వాటిని చూసి ఇంకా పాత ఊళ్ళోనే ఉన్నాననుకునేది. ఒకరోజు పొద్దున్నే లేచి తల దువ్వుకుని బయల్దేరింది.

"యాడికత్తా?" అన్నాను.

"రేవుకి. పిల్ల వచ్చిద్దిగా ఇయ్యాల" అంది.

పిల్ల అంటే ఆమె ఒక్కగానొక్క కూతురు. మా ఆయనకు అక్క, నాకు వదిన. ఏటికి అవతల, నల్గొండ వైపు ఊరికి ఇచ్చారు. పాత ఊళ్ళో అదేమంత దూరం కాదు. ఈ గట్టున అన్నం పొయ్యి మీద పెట్టి రేవుకు పోతే, ఉడికేలోపు అవతలివాళ్ళు ఇవతలికి వచ్చేవాళ్ళట. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టిలో దాటేవాళ్ళు. ఎంత బాగుచేసినా పుట్టి అడుగున నీళ్ళు చేరేవి. కుచ్చిళ్ళు తడవకుండా దిగిన ఆడది లేదు. కూతురు దిగగానే మా అత్త ముందు పలకరించేది కాదు. వంగి ఆ తడి కుచ్చిళ్ళు పట్టుకుని గట్టిగా పిండి, అప్పుడు "రా" అనేది. పిల్లను చూసినప్పటి కన్నీళ్ళు కనపడకుండా ఉండాలని అట్లా వంగేదని మా ఆయన అనేవాడు.

డ్యామ్ నీళ్ళతో రేవు పోయింది, పుట్టీ పోయింది. ఇప్పుడు రావాలంటే బస్సులు మారుతూ డ్యామ్ మీదుగా చుట్టూ తిరిగి రావాలి. అదీ గాక మా వదిన భర్తకు పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. ఆమెకు ఇల్లు కదలటానికి లేకపోయింది. ఎడ్లు కొనటానికి అటునుంచి వచ్చినవాళ్ళు చెబితే క్షేమం తెలియటమే. మా అత్తకు జ్ఞాపకాలన్నీ పోయినా, కూతుర్ని చూడాలన్నది మాత్రం పోలేదు. ఆ ముసలిదానికి ఇంకేమీ అక్కర్లేదు.

ఆ పొద్దున ఆమెను ఆపాం గానీ, తర్వాత ఎన్నోసార్లు మా కళ్ళుగప్పి వెళ్ళిపోయింది. ఒకసారి మేకలవాళ్ళు కొండ దారిలో చూసి తీసుకొచ్చారు. పాదాల నిండా ముళ్ళు. మేం మొదట్లో నిజమే చెప్పాం. "అమ్మా, ఆ ఊరు లేదే. మునిగిపోయిందే" అని మా ఆయన చెబితే, అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చేది. సాయంత్రానికి మరిచిపోయేది. మర్నాడు మళ్ళీ రేవుకు బయల్దేరితే మళ్ళీ చెప్పాల్సి వచ్చేది. చెప్పిన ప్రతిసారీ ఆమెకు ఊరు కొత్తగా మునిగేది.

ఒకరోజు మా ఆయన విసిగిపోయి, గుమ్మానికి అడ్డంగా నిలబడి అనేశాడు. "ఏరొచ్చిందమ్మా. పుట్టి నడవట్లేదు. తగ్గినాక అక్క వచ్చిద్దిలే."

ఆమె ఆకాశం వంక చూసింది. "ఎగువన వానలు పడ్డయ్యేమో. తొందరపడి రావద్దని చెప్పండ్రా దానికి" అంది. లోపలికి వచ్చి అన్నం తింది. ఆ పూట మేం ఇద్దరం పండగ చేసుకున్నంత సంతోషపడ్డాం.

అప్పటినుంచి ఇల్లంతా ఆ ఒక్క అబద్ధం మీద నడిచింది. ఒక అబద్ధానికి చుట్టూ ఊరంతా కావాల్సి వచ్చింది. ఆ ఊరు నేను కంటితో చూడలేదు. అయినా చింతచెట్టు సందులో ఎవరిల్లు ఎక్కడో, రేవుకు దిగేటప్పుడు ఏ బండ జారుతుందో మా ఆయన దగ్గర నేర్చుకున్నాను. "రేవు కాడికి పోయొచ్చావా?" అని ఆమె అడిగితే, "పోయొచ్చానత్తా, జారుడు బండ కూడా మునిగింది" అనేదాన్ని. ఎదురింటావిడది అసలు వేరే ఊరు. మా అత్త ఆమెను ఎప్పుడో చచ్చిపోయిన పాత పొరుగింటామె అనుకుని, గోడ జరిపి కట్టారని తగువు పెట్టుకునేది. "ఏమే, జానెడు జాగా మింగి ఎంత బాగుపడ్డావే?" అని అరిచేది. ఎదురింటావిడ మొదట్లో బిత్తరపోయింది. తర్వాత ఆమెకూ సరదా పట్టుకుంది. "మా గోడ మా ఇష్టం. కావాలంటే పంచాయతీ పెట్టించుకో పో" అని వాకిట్లోంచే తిరగబడేది. ఆ పోట్లాట అయిన రోజు మా అత్త హుషారుగా ఉండేది.

చిక్కల్లా మా చర్చి పాస్టరు అయ్యగారితోనే. మా ఇంటికి ప్రార్థనకు వచ్చినప్పుడు "అయ్యగారూ, ఏరు తగ్గిందా?" అని ఆమె అడిగేది. నిజం చెబితే ఏడుస్తుందని ఆయనకు తెలుసు, అబద్ధమాడటానికి నోరు రాదు. "ప్రార్థన చేద్దామమ్మా" అని గబగబా కళ్ళు మూసుకునేవాడు. ఏరు తగ్గాలని అయ్యగారు కూడా వేడుకుంటున్నాడని ఆమె మురిసిపోయేది. ఆయన వెళ్ళాక నేనూ మా ఆయనా వంటింట్లో నవ్వుకునేవాళ్ళం. 

అట్లా ఏడాది పైనే గడిచింది. మా అత్త కొండల్లోకి పోవటం మానేసింది. ఒళ్ళు చేసింది. రోజూ నన్ను అడిగేది, నేను "ఏరు ఇంకా తగ్గలేదత్తా" అనేదాన్ని. అడగటం మరిచిపోతుందేమోనని కూడా చూశాం. అన్నీ మరిచింది గానీ ఆ మాట మాత్రం మరవలేదు. రోజూ చెప్పి చెప్పి మేమే దాన్ని ఆమె మనసులో గట్టిగా పాతామని అప్పుడు తట్టలేదు.

సీతాఫలాల రోజుల్లో ఒక మధ్యాహ్నం మా వదిన వచ్చింది. భర్తకు కాస్త నెమ్మదించిందట. తోడికోడలికి అప్పజెప్పి, బస్సులు మారుతూ, నెత్తి మీద సీతాఫలాల బుట్టతో వచ్చింది. ముందుగా కబురు లేదు. మా ఆయన పరుగున ఎదురెళ్ళి బుట్ట అందుకున్నాడు.  ఇక ఆ ముసలిదాని ఎదురుచూపు తీరిందనే అనుకున్నాను.

మా అత్త మెట్టురాయి మీద కూర్చుని ఉంది. మా వదిన వెళ్ళి ఆమె ముందు నిలబడింది. తల్లి వంగి కుచ్చిళ్ళు పిండుతుందని ఎదురుచూసినట్టుంది. మా అత్త నిజంగానే చెయ్యి చాచింది. చీర అంచు వేళ్ళతో నలిపి చూసింది. అంతా దుమ్ము.

"ఎవరమ్మా నువ్వు?" అంది.

"గట్లంటవేందమ్మా? నేనేనే, నీ బిడ్డని."

అవతల గట్టున ఏళ్ళు గడిపి ఆమె మాట కూడా మారిపోయింది. మా అత్త జాలిగా చూసింది. "నా బిడ్డ ఎట్టా వచ్చిద్దమ్మా? ఏరు నిండా ఉంది. పుట్టి నడవట్లేదు. నీ కుచ్చిళ్ళు చూడు, చుక్క తడి లేదు" అంది.

మా ఆయన అక్కను దొడ్లోకి తీసుకుపోయాడు, నేనూ వెనకాలే వెళ్ళాను. జరిగిందంతా చెప్పి, నీళ్ళ తొట్టి చూపించాడు. "అక్కా, కుచ్చిళ్ళు తడుపుకుని వీధి గుమ్మం నుంచి మళ్ళీ రా. ఏరు తగ్గిందని నేను చెప్తా" అన్నాడు.

మా వదిన ఆయన్ని ఎగాదిగా చూసింది. "మా అమ్మ కాడికి నేను ఏషమేసుకుని రావాల్నారా? మీరు ఆడిన నాటకంలో నన్నూ కలవమంటవా?" అంది. ఎంత బతిమాలినా తొట్టి దగ్గరికి రాలేదు. ఆమెను తప్పుపట్టను. ఆమె చోట నేనున్నా అదే మాట అనేదాన్నేమో.

ఇవతలికి వచ్చేసరికి మా అత్త తనలో తను ఒక కథ అల్లుకుని ఉంది. "నీది అవతల గట్టు మాట. ఏరు రాకముందు వచ్చి ఇక్కడ చిక్కుకుపోయినట్టున్నావు. మీ అమ్మ ఎదురుచూస్తంటదమ్మా" అని వదినను పక్కన కూర్చోబెట్టుకుంది. తనే సీతాఫలం విప్పి పెట్టింది. "నా బిడ్డ కూడా ఇట్టాంటివే తెచ్చిద్ది. చానా మెత్తని మనసు దానిది. నేను ఒక్క పూట కనపడకపోతే అన్నం తినేది కాదు చిన్నప్పుడు" అని చెప్పుకుంటూ పోయింది. మా వదిన గింజలు చేతిలోకి ఊసుకుంటూ, తల వంచుకుని, తన గురించి తనే విన్నది. ఉన్న నాలుగు రోజులూ పరాయిదానిలాగానే ఉంది. తల్లికి తలకు పోసింది, పక్కన పడుకుంది. మా అత్త ఆమెను "అమ్మా" అని మర్యాదగా పిలిచింది.

వెళ్ళేరోజు మా అత్త ఆమెను గుమ్మం దాకా సాగనంపింది. చెయ్యి పట్టుకుని, "నువ్వు ఎట్టోగట్టా అవతలికి చేరితే నా బిడ్డకు ఒక్క మాట చెప్పమ్మా" అంది. "ఏరు ఇంకా తగ్గలేదని చెప్పు. నా మీద బెంగతో తొందరపడి పుట్టి ఎక్కొద్దని చెప్పు. నేను ఎదురుచూస్తానే ఉంటా, నిదానంగా రమ్మను."

"చెప్తానమ్మా" అంది మా వదిన.  బస్సు ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

నిజం చెప్పి రోజూ ఏడిపించటం మంచిదా, అబద్ధం చెప్పి నవ్వించటం మంచిదా అని నన్ను అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఒకటి మాత్రం తెలుసు. ఆమెను కొండల నుంచి కాపాడటానికి మేం కట్టిన ఊళ్ళోకి ఆమె కూతురికి దారి పెట్టలేదు. మా ఆయన పోయేదాకా ఆ మాటతో కుమిలిపోయాడు. "అక్క వచ్చిద్దని అనుకోలేదే" అనేవాడు. ఆమె ఎప్పటికైనా వస్తుందన్నదే మేం రోజూ తల్లికి చెప్పిన మాట. ఆ మాటను మేం ఇద్దరమే నమ్మలేదు.

ఆ మరుసటి వానాకాలం మా అత్త పోయింది. రెండు రోజులు జ్వరం, అంతే. మనిషిని పంపాం గానీ, మా వదిన వచ్చేసరికి సమాధి కూడా చేసేశాం. ముసురు పట్టి ఉంది. బస్సు దిగిన దగ్గరినుంచి తడుస్తూ నడిచి వచ్చి మెట్టురాయి మీద నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు. కుచ్చిళ్ళు ముద్దయి, నీళ్ళు రాతి పల్లంలోకి కారుతున్నాయి.

 నేను వంగి, రెండు చేతులతో ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని గట్టిగా పిండి, "రా వదినా" అన్నాను.