వదిన బస్సెక్కిన రోజు

మొన్న మా ఆయనకు మూత్రపిండంలో రాయి ఉందని తేలితే తిరుపతిలో ఒక పెద్దాసుపత్రికి వెళ్లాము. ఉదయం లోపలికి తీసుకెళ్లి, ఎక్కడా కోత పెట్టకుండా సన్నటి గొట్టం పంపి, లేజరుతో ఆ రాయిని పొడి చేసి, మధ్యాహ్నానికల్లా మంచం మీదికి తెచ్చేశారు. సాయంత్రానికి ఆయన ఇడ్లీ అడిగారు. ఆయన లోపల ఉన్నంతసేపూ నేను బయట ఇనుప కుర్చీలో కూర్చుని, ఎదురుగా గోడకున్న బోర్డు చదువుతూ పొద్దుపుచ్చాను. రాళ్లు తీయడం, ప్రోస్టేటు చికిత్స, కిడ్నీ మార్పిడి, చిన్నపిల్లల మూత్ర సమస్యలు, ధార ఎంత వేగంగా వస్తుందో చూసే పరీక్ష, ఇలా ఒకదాని కింద ఒకటి రాసుకొచ్చి, చిట్టచివర 'కాన్పు తర్వాత ఆడవాళ్లకు ఆగకుండా మూత్రం కారితే ఆపరేషన్' అని రాసి ఉంది. ఆ వరుస నేను రెండుసార్లు చదివాను. పక్కన ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే చెయ్యి పట్టుకుని అక్కడికక్కడే మా వదిన సంగతి మొదలుపెట్టేదాన్ని. ఎవరూ లేరు కనుక ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నేను నగరికి కోడలిగా వచ్చి ముప్పై మూడేళ్లయింది. మా పుట్టింటివాళ్లు చిత్తూరు దగ్గర వ్యవసాయదారులు, మగ్గం మోత అంటే ఏమిటో తెలియనిదాన్ని. అత్తగారింట్లో ముందు రెండు గదులు, వెనక రేకుల షెడ్డులో లుంగీలు నేసే ఆరు కరెంటు మగ్గాలు. అవి ఆడుతున్నప్పుడు మనిషి మాట మనిషికి వినపడదు. ఆ షెడ్డు మూలలో, గోడవైపు తిరిగి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నూలు కండెలు చుడుతూ ఉండేది మా ఆయన అక్క, నాకు వదిన. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. మా పెళ్లికి రాలేదు. మేము ఇంటికి వచ్చిన రోజు కూడా వెనక వాకిట్లో నిలబడి అక్షింతలు దూరం నుంచే విసిరి లోపలికి వెళ్లిపోయింది. చాప మీద కూర్చోదు, ఎవరి పక్కనా కూర్చోదు, ఎండాకాలంలో పెదాలు పగిలిపోయినా గుక్కెడు నీళ్లు తాగదు. పల్లెటూరి పిల్లనని నన్ను చిన్నచూపు చూస్తోందని నేను మనసులో బాగా కష్టపెట్టుకున్నాను. పెరటి కంచె మీద ప్రతిరోజూ మడతలు మడతలుగా లుంగీ గుడ్డముక్కలు ఆరుతుండేవి. నేతలో తప్పుపడిన పీసుల్ని మగ్గాలు తుడవడానికి వాడుతున్నారేమో అనుకున్నాను.

ఒకనాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగి, షెడ్డు నిశ్శబ్దమైపోయింది. నేను మజ్జిగ తీసుకుని లోపలికి వెళ్లేసరికి వదిన లేచి నిలబడింది. ఆమె కూర్చున్న చోట గచ్చు తడిగా ఉంది. నన్ను చూసి, గబగబా లుంగీ ముక్కతో తుడిచి, తలెత్తకుండా కూర్చుంది. నేను మజ్జిగ అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ సాయంత్రం అత్తను అడిగితే, బియ్యం ఏరుతూ, నా మొహం చూడకుండా చెప్పింది. పదకొండేళ్ల కిందట, వదిన తొలి కాన్పులో, ఆమె అత్తగారి ఊళ్లో రెండు రోజులు నొప్పులు పడ్డాక బిడ్డ పోయి పుట్టిందట. ఆ వారం నుంచే ఇలా. ఆగదు, వస్తున్నట్టు తెలియదు, కారుతూనే ఉంటుంది. మొగుడు మూడు నెలలు చూసి పుట్టింట్లో దింపి వెళ్లి ఇంకొకామెను చేసుకున్నాడు. ఉష్ణమన్నారు, శాపమన్నారు, తాయెత్తులు కట్టించారు. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పదకొండేళ్లుగా మా వదిన వీధి వాకిలి దాటలేదు.

కొన్నాళ్లకు నేను నెల తప్పి, ఊళ్లోని ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, అక్కడి పెద్దనర్సు అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది, ఇంట్లో ఎవరికైనా కాన్పు కష్టమైందా అని. నేను కొంచెం జంకి, గొంతు తగ్గించి, వదిన సంగతి చెప్పాను. ఆమె రాయడం ఆపేసింది.

"అది శాపం కాదమ్మా, చిల్లు. బిడ్డ తల అంతసేపు ఒత్తేసరికి మూత్రం సంచికి చిల్లు పడింటాది. కుట్టేదానికి డాక్టర్లు ఉండారు. తిరుపతికి పిల్చుకోని పోండి."

ఆ మాట మోసుకుని నేను ఇంటికి నడవలేదు, దాదాపు పరుగెత్తాను. మా మామ మాట తక్కువ మనిషి. తెగిన పోగు ముడివేస్తూ అంతా విని, చిల్లయితే కుట్టొచ్చు కదా, దీనికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది మనకు, అని మాత్రం అన్నాడు. ఆ రోజు ఆయన మళ్లీ మగ్గం దగ్గరికి వెళ్లలేదు. నాకేమో ఉత్సాహం ఆగడంలేదు. వదిన ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడనేలేదు. మూడోరోజు తనే వచ్చింది.

"ఆశ లేకుండా బతికేదానికి పదకొండేండ్లు నేర్చుకున్నా మే. ఇప్పుడు నువ్వొచ్చి ఆశ పెడతాండావు. కుట్టింది చినిగిపోతే మళ్లా మొదటినించి నేర్చుకోవాల."

వెనక నుంచి అత్త అంది, "పోయి రా. చినిగితే నేనుండా."

బస్సులో కూర్చోవడానికి వదిన ఒప్పుకోలేదు. అందుకని లుంగీ మూటలు సంతకు వేసుకెళ్లే వ్యానులో, మూటల మధ్య ప్లాస్టిక్ పట్టా పరిచి బయలుదేరాము. ముందు డ్రైవరు పక్కన మా ఆయన, వెనక మేమిద్దరం. ఐదో నెల కడుపుతో నన్ను ఎందుకు పంపారని మీరు అడగొచ్చు, నేనే పట్టుబట్టాను, నా మాట మీద బయలుదేరిన మనిషిని ఒంటరిగా ఎలా వదలను? పుత్తూరు దాటేదాకా వదిన కొంగు మొహానికి అడ్డం పెట్టుకునే ఉంది. తర్వాత ఎప్పుడు తీసేసిందో తెలియదు, వెనక తలుపు చువ్వలు పట్టుకుని రోడ్డంతా చూడసాగింది. ఈడ మామిడితోపు ఉండేది కదా, ఈ మిద్దెలన్నీ ఎప్పుడు లేచినాయి అంటూ ఒకటే ప్రశ్నలు. దూరంగా కొండ కనిపించగానే ఇద్దరం కలిసి దండం పెట్టుకున్నాము. అప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తే. నా గాజు ఒకటి చిట్లింది కూడా.

తిరుపతి ఆసుపత్రిలో మూత్ర సంబంధ జబ్బులు చూసే డాక్టరు నడివయసు మనిషి. మగ డాక్టరని వదిన కట్టెలా బిగుసుకుపోతే, ఆయన ముందు నర్సును పక్కన నిలబెట్టి, కాగితం వెనక మూత్రం సంచి బొమ్మ గీసి, చిల్లు ఎక్కడ పడి ఉంటుందో పెన్నుతో చుక్క పెట్టి చూపించి, ఆ తర్వాతే పరీక్ష అన్నాడు. మర్నాడు గొట్టం గుండా లోపలికి నీలం మందు పంపి, కింద దూది పెట్టి చూశారు. దూది నీలంగా మారింది. నర్సు దాన్ని పట్టకారుతో పట్టి చూపిస్తే వదిన కాసేపు దానివంకే చూసి, ఇదేం రంగు, ఉతికితే పోతాదా, అని అడిగింది. గదిలో అందరూ నవ్వారు. తర్వాత నాతో అంది, ఇన్నేళ్లకు తన ఒంట్లో ఏముందో కంటితో చూసిందట, ఇక ఎవరేమన్నా నమ్మదట.

ఆపరేషన్ మూడు గంటలు సాగింది. బయటికి తెచ్చినప్పుడు ఆమెకు మూత్రం గొట్టం, దానికి వేలాడే సంచి ఉన్నాయి. కుట్లు అతుక్కునేదాకా లోపలి మూత్రం సంచి నిండకూడదట, చుక్క చుక్కా గొట్టంలో నుంచి బయటికి పోతూనే ఉండాలట. గొట్టం మడతపడకుండా చూసే పని నర్సు నాకు అప్పగించింది. పరీక్ష రాసే పిల్లలా కూర్చునేదాన్ని. ఇంకో ఆజ్ఞ, నీళ్లు బాగా తాగాలి. నీళ్లంటే భయపడి పదకొండేళ్లు నోరు ఎండబెట్టుకున్న మనిషికి గంట గంటకూ చెంబు అందిస్తుంటే, మొదట్లో గుటక వేయడానికి వణికింది. నాలుగోరోజుకు తనే అడిగి తాగసాగింది. నీళ్లు ఇంత తియ్యగా ఉంటాయని మరచిపోయానంది.

ఆ వార్డు సంగతి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. పొడుగాటి హాలు, రెండు వరుసల మంచాలు, అందరూ ఆడవాళ్లే. కాణిపాకం దగ్గరి నుంచి వచ్చిన ఒకామె, తన కిడ్నీలోంచి తీసిన రాయిని చిన్న సీసాలో వేసుకుని, వచ్చినవాళ్లందరికీ కొత్త నగలా చూపించేది. చెల్లెలికి కిడ్నీ ఇవ్వడానికి వచ్చిన అక్క ఒకామె అందరికంటే హుషారుగా, రక్తపరీక్షకు పిలిస్తే పెళ్లికి పిలిచినట్టు జడ వేసుకుని వెళ్లేది. వదిన జబ్బు తెలిసి ఎవరూ మంచం దూరం జరుపుకోలేదు. పొద్దున్నే ఒక్కొక్కరూ వచ్చి పక్క తడిసిందా అని అడిగేవారు, పొడిగా ఉందంటే ఆ మాట వరుస చివరిదాకా పాకేది. వదిన మాట్లాడటం మొదలుపెట్టింది చూడండి, మగ్గాల మోతలో ఇన్నేళ్లు దాచుకున్న మాటలన్నీ ఆ హాల్లో ఖర్చుపెట్టింది.

పదోరోజు పొద్దున పక్క తడిసింది.

వదిన గోడవైపు తిరిగి పడుకుంది, షెడ్డులో కూర్చున్నట్టే. నేను గొట్టం చూశాను, మడత లేదు, కానీ సంచిలోకి చుక్క రావడంలేదు. పరుగెత్తి నర్సును తెచ్చాను. ఆమె సిరంజితో గొట్టంలోకి మందునీళ్లు పంపి లాగితే నలకలాంటి చిన్న గడ్డ బయటికి వచ్చింది, వెంటనే ధార సంచిలో పడింది. గొట్టం పూడుకుపోయి పక్కనుంచి కారింది గాని కుట్టు చినిగినట్టు లేదు, అయినా ఇప్పుడే చెప్పలేము, ఇంకో వారం ఎక్కువ ఉంచుదాము అన్నాడు డాక్టరు. ఆ వారం హాల్లో నవ్వులు తగ్గాయి. కబురు వెళ్లి అత్త బస్సులో వచ్చింది. వచ్చి, కూతురి మంచం పక్కన నేల మీద కూర్చుని, అన్న మాట ప్రకారం కదలకుండా ఉంది.

గొట్టం తీసిన రోజు మధ్యాహ్నం, రెండు చెంబుల నీళ్లు తాగించి, ఎప్పుడు వెళ్లాలనిపిస్తే అప్పుడు చెప్పమన్నారు. అనిపించడం ఎలా ఉంటుందో ఆమెకు గుర్తుంటేగా! అత్త, నేను, సీసా ఆమె, కిడ్నీ ఇచ్చే అక్క, అందరం మంచం చుట్టూ. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. వదిన కళ్లు మూసుకుని ఏదో వింటున్నట్టు ఉంది. ఉన్నట్టుండి నా భుజం పట్టుకుంది.

"వస్తా ఉండాది మే. నాకు తెలస్తా ఉండాది."

ఇద్దరం చెరో పక్కా పట్టుకుని నడిపించాము. మరుగుదొడ్డి తలుపు దగ్గర మా చేతులు వదిలించుకుని తను ఒక్కతే లోపలికి వెళ్లింది. నర్సు ఇచ్చిన కొలత జగ్గు పట్టుకుని బయటికి వచ్చినప్పుడు ఆ మొహం చూడాలి! అత్త ఆ జగ్గును రెండు చేతులా అందుకుంది. పక్క గుడ్డ పొడిగా ఉంది. మర్నాడు మళ్లీ నీలం మందు పరీక్ష చేస్తే దూది తెల్లగా ఉంది. తెల్లగా ఉంది, తెల్లగా ఉంది అని మా హాలంతా చెప్పుకున్నారు.

ఇంటికి వెళ్లే రోజు మా ఆయన వ్యాను తెస్తానంటే వదిన వద్దంది. బస్సులో పోదాము అంది. తిరుపతి బస్టాండులో నగరి బస్సు ఎక్కి, కిటికీ పక్క సీటు ముందు ఒక నిమిషం నిలబడిపోయింది. వెనకనుంచి కండక్టరు, ఖాళీ సీటే కదమ్మా, కూసో, అన్నాడు. కూర్చుంది. పుత్తూరులో ఒక ముసలామె వచ్చి పక్కన సర్దుకుని కూర్చుంటే, ఇంకొంచెం దగ్గరికి జరిగి ఆమె బుట్టను తన ఒళ్లో పెట్టుకుంది. మిగతా దారంతా ఆ ముసలామెతో మాటలే. ముందు సీట్లో అత్త కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేనొక్కదాన్నే చూశాను.

ఆ తర్వాత వదిన ఇంట్లో నిలిస్తే ఒట్టు. పిలిచిన పెళ్లికల్లా వెళ్లింది, పిలవని పెళ్లిళ్లకూ వెళ్లింది. నాకు నొప్పులు రాగానే, ఇంకా టైముందని అత్త అంటున్నా వినకుండా నన్ను ఆసుపత్రికి లాక్కెళ్లి, పెద్దకొడుకు పుట్టేదాకా తలుపు దగ్గర కాపలా ఉంది. ఆమె సంగతి విని చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తనలాగే మూలన కూర్చున్న నలుగురు ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. నలుగురినీ తనే వెంటబెట్టుకుని ఆ వార్డుకు తీసుకెళ్లింది, బస్సులోనే, ఎవరేమనుకున్నా సరే అని. ముగ్గురికి నయమైంది. ఒకామెకు రెండుసార్లు చేసినా కుదరలేదు. ఆమె పోయేదాకా నెలకొకసారి వదిన వెళ్లి చూసి వచ్చేది. మా వదిన పోయి ఇప్పటికి ఆరేళ్లు.

మొన్న ఆసుపత్రిలో, మా ఆయన నిద్రపోతుండగా, సెలైను మార్చడానికి వచ్చిన చిన్న నర్సును ఆ ఆపరేషన్ గురించి అడిగాను. తను పుస్తకంలో చదివింది గాని అలాంటి మనిషిని ఇంతవరకు చూడలేదంది. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే కదా ఆంటీ, అంది. అప్పటిలాంటి పొడుగాటి హాలు కూడా ఈ ఆసుపత్రిలో లేదు, గదికి ఇద్దరు, మధ్యలో తెర, ఎవరి ఫోను వాళ్లది. నేను వదిన కథ మొదలుపెట్టాను. పాపం ఆ పిల్ల నిలబడే వింది, ఆ నీలం దూది దాకా చెప్పేసరికి పక్క గదిలో గంట మోగి వెళ్లిపోయింది. ఆ జబ్బు ఎలా ఉంటుందో తెలియని వయసు పిల్లలు వచ్చినందుకు నాకు ఎంత సంతోషమో చెప్పలేను. అయినా ఆ చిన్న నర్సు తిరిగి వస్తుందేమోనని, మిగతాది చెబుదామని, చాలాసేపు తలుపువైపే చూస్తూ కూర్చున్నాను.