కొండ మీది పెట్టెకి చెవుడొచ్చిన రోజు

సుందర్ రాజ్ గురించి నేను చెప్పేదాంట్లో సగం తగ్గించుకుని వినమని గోపాలపట్నంలో అందరూ అంటారు. తగ్గించుకోండి. మిగిలిన సగమే మీకు మోయలేనంత ఉంటుంది. చిన్నప్పుడు ఆయన రేడియో వెనక మూత విప్పితే లోపల పాడుతున్నావిడ ఉలిక్కిపడి కొంగు సర్దుకుందట. నేను చూడలేదు. చూసినవాడికంటే బాగా చెప్పగలను, అంతే.

పాలిటెక్నిక్ నన్ను భరించలేక పంపించేశాక ఆయన పనిముట్ల సంచి నా భుజానికెక్కింది. చేపల పడవల్లో మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్లు బాగుచెయ్యడం ఆయన పని. ఏ సెట్టయినా విప్పేముందు కళ్లు మూసుకుని కాసేపు వింటాడు. నిద్రపోతున్నాడనుకుని ఓసారి దుప్పటి కూడా కప్పాను.

ఆ రోజు ముసురు. యారాడ కొండ సగం మబ్బులో ఉంది. మా బండి రోడ్డు మీద పోతోందో మబ్బు మీద పోతోందో నాకే తెలియలేదు. పైన పడవల సంఘం వాళ్ల చిన్న గది, దాని కప్పు మీద ఇనప గొట్టం, గొట్టం కొసన ఏంటెనా. గదిలో రిపీటర్. సముద్రంలోంచి వచ్చే సన్నటి గొంతు విని, అదే క్షణంలో గట్టిగా హార్బరంతటికీ వినిపించే పెట్టె అది. నోటికీ చెవికీ కలిపి ఒక్కటే ఏంటెనా.

గుమ్మంలో అప్పలమ్మ నిలబడి ఉంది. గది ఊడ్చి, తాళం కాపాడేది ఆవిడే. ఆవిడ మొగుడు సింహాద్రి పడవ పొద్దున్నే ఇంజను ఆగి కొట్టుకుపోతోంది. పడవలోని బ్యాటరీ కూడా నీరసించింది.

"అన్నియ్యా, ఆడు ఎక్కడున్నాడో సెప్తన్నాడు. సగం మాటే ఇనిపిస్తంది. బేగి సూడు!"

స్పీకర్లో సింహాద్రి గొంతు తునకలుగా వస్తోంది. "పదిహే... ట్... డిగ్రీ... ట్... ట్..." మధ్యలో బరబర శబ్దం. ఎక్కడున్నాడో తెలిస్తే దగ్గర్లో ఉన్న పడవ వెళ్లి లాక్కొస్తుంది. తెలియకపోతే, ముసురుకీ చీకటికీ మధ్య ఎవరు వెతుకుతారు?

సుందర్ రాజ్ కళ్లు మూసుకున్నాడు.

"ఇంటన్నావా బావా? ఆడు మాటాడగానే ఇది నోరు తెరుస్తంది. నోరు తెరవగానే చెవుడొస్తంది. ఆడి మాట పోయి ఇది నోరు మూసుకుంటే, మళ్లీ ఇనిపిస్తంది."

"మా ఆవిడా అంతే బావా," అన్నాను.

"నీకు పెళ్లెప్పుడయినాది?"

"అయితే అలాగే ఉంటాది కదా!"

అప్పలమ్మ నావైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను.

పెట్టె బ్యాటరీలు చూశాడు. బాగున్నాయి. ఏంటెనాకి వెళ్లే కేబుల్ జాయింటులో నీళ్లు దిగాయేమోనని దాన్ని కోసి కొత్తది వేశాడు. అదే బరబర. అప్పుడాయన ముఖం పాలిపోవడం మొదటిసారి చూశాను. చివరికి కేబుల్ ఊడదీసి, దాని చోట డబ్బాలాంటిది తగిలించాడు. పెట్టె ఎంత అరిచినా ఆ అరుపుని బయటికి పోనీకుండా మింగేసే డబ్బా అది. పెట్టెని మాట్లాడించాడు. బరబర లేదు. నీళ్లలో మునిగి వింటున్నంత నిశ్శబ్దం.

"పెట్టికి రోగం నేదు. రోగం పైనే ఉన్నాది," అని కేబుల్ మళ్లీ బిగించి నిచ్చెనెక్కాడు.

నేనూ ఎక్కాను. మబ్బు మా మోకాళ్ల దగ్గర పాలనురగలా పారుతోంది. గాలికి మబ్బు చీలినప్పుడు కనిపించింది: ఏంటెనాకి చుట్టుకుని, ఎండిన నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గుముక్క. దిష్టి దండ. దారానికి కాదు, తుప్పుపట్టిన ఇనప తీగకి గుచ్చి ఉంది. గాలికి ఊగి గొట్టానికి రాసుకుంటోంది.

"దీన్నెవరు కట్టినారు?" అని కిందికి అరిచాను.

"నానే!" అంది అప్పలమ్మ. "మామిడికాయలు కోసే గెడతో తగిలించినాను. ఆడి గొంతొచ్చే కర్ర కదా, ఊరందరి కళ్లూ దానిమీదే. దారమైతే గాలికి రెండుమార్లు తెగిపోనాది. అందుకని తీగ ఏసినాను. ఏటయినాది?"

"పెట్టి నోరు తెరిసినప్పుడల్లా ఈ తుప్పు తీగ గొట్టానికి రాసుకున్న సోట బరబర పుడతంది, ఆ గోలకే దానికి చెవుడు," అన్నాడు సుందర్ రాజ్. గొట్టాన్ని కౌగిలించుకుని పైకి పాకి, కటింగ్ ప్లేయర్‌తో తీగ కత్తిరించాడు. దండ నా చేతిలో పడింది.

కింద స్పీకర్లో సింహాద్రి గొంతు పక్కింట్లోంచి వచ్చినట్టొచ్చింది. నిదానంగా, ఒక్క అంకె కూడా విరగకుండా, తానున్న చోటు చెప్పాడు. ఆ అంకెల్ని దగ్గర్లోని పడవ నుంచి వేరే గొంతు తిరిగి చదివింది. "అక్కడే ఉండు మావా, వత్తన్నాం."

"ఇంజను ఆగినోడిని ఎక్కడికెల్తాను రా!" అన్నాడు సింహాద్రి.

అప్పలమ్మ నవ్వబోయి, నా చేతిలోని తీగ చూసి ఆగిపోయింది. "అయితే ఆడి గొంతు నానే నొక్కేసినానా?"

"నీ దిష్టి మంచిదేనమ్మా," అన్నాడు సుందర్ రాజ్, తుప్పు చేతులు లుంగీకి తుడుచుకుంటూ. "తీగే సెడ్డది." వలలు అల్లే నైలాన్ దారం తీసి ఆ నిమ్మకాయని తనే గుచ్చాడు. మెడలో సిలువ ఊగుతుండగా, ఆవిడ చూపించిన చోట, తలుపు పైన కట్టాడు.

సాయంత్రానికి ముసురు కాస్త విచ్చుకుంది. సముద్రం మీద రెండు చుక్కలు ఒకదాని వెనక ఒకటి హార్బరు వైపు కదులుతున్నాయి. అప్పలమ్మ రెప్ప వెయ్యకుండా వెనక చుక్కనే చూస్తోంది. అంత దూరం నుంచి వాటి మధ్య తాడు కనబడదని సుందర్ రాజ్ ఇప్పటికీ వాదిస్తాడు. నాకు మాత్రం కనబడింది. తాడే కాదు, దాని ముడి కూడా.