సారుకు చదవని లైను

మేం కిరాయికుండే ఇంటి సారు మొన్న సోమవారం పోయారు. దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసి "సారు ఇక లేడు" అంటే, చేతిలో బియ్యం చాటతో అట్లే నిలబడిపోయాను. సారు ముందు తప్ప నేను ఇంకెక్కడా గొంతెత్తి చదివింది లేదు.

ఏడో తరగతితో ఆగిన నాకు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, అర్థాలు రావు. సారు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. షుగర్‌తో చూపు పోయింది. అయినా అడవి ఊళ్ల రోగులు వచ్చే ఒక చిన్న దవాఖానాకు డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ని సోర్స్ కోడ్ నుంచి తానే తయారుచేసి ఇచ్చేవారు. మా ఆయనది అక్కడ రికార్డుల పని. ఆయన డ్యూటీకి పోయాక తెర మీది తప్పులు సారుకు చదివేది నేను. ఒక్కో లైను అందిందన్నట్టు సారు చేతికర్రతో నేల తట్టేవారు.

"అర్థం నాకొదిలెయ్ బిడ్డా. అక్షరం మాత్రం మింగకు."

ఒక ఏడాది దవాఖానాకు అరవై నాలుగు బిట్ల కొత్త కంప్యూటర్ మిషన్ వచ్చింది, అన్నీ ఎక్కించి ఇవ్వడానికి ముందు సారు ఇంటికే తెచ్చారు. అంకెల సైజు కుదరక పాత కోడ్ మూడు రోజులు కంపైల్ కాలేదు, మధ్యలోనే ఆగిపోయేది. సారు చెప్తుంటే నేనే దిద్దాను. నాలుగో రోజు ఆగకుండా నడిచింది, హెచ్చరికలు మాత్రం వచ్చాయి. చదువుకుంటూ పోయి ఒక ఫైలు పేరు దగ్గర ఆగాను. ఆ ఫైలుకు సారు ముచ్చటపడి మా ఆయన పేరు పెట్టారు. మా ఇళ్లల్లో పెళ్లాం మొగుని పేరు పలకదు. ఆ లైను వదిలేసి కిందిది చదివాను.

"అయిపోయిందా?"

"అయింది సారూ."

మధ్యాహ్నం మా ఆయన ఆటో తెచ్చి మిషన్ తీసుకుపోవాలి. పొయ్యి ముందు కూర్చున్నా వదిలేసిన లైనే కళ్లల్లో మెదిలింది. ఆటో చప్పుడు వినగానే ఉరికాను.

"సారూ, ఒక లైను చదవలే."

"ఎందుకు?"

"అందులో ఆయన పేరుంది" అన్నాను. సారు నవ్వారు. "మొగుని పేరా? పలికితే గోదారేం పొంగదు గానీ, గిండ్ల రాయి" అని కుడి అరచెయ్యి చాపారు.

వేలితో ఒక్కో అక్షరం రాశాను. పేరు తర్వాతది చదివాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"అది రోగుల కార్డు నంబర్ల ఫైలు. సోలలో మానెడు బియ్యం పోసినట్టు, పట్టనిది కింద పడ్తది. పడ్డదని మిషన్ చెప్పదు. ఇద్దరికి ఒకటే నంబరైతే ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కిస్తరు బిడ్డా."

గేటు దగ్గర మా ఆయన అరిచాడు. "సారూ, ఆటోవాడు జల్దీ చెయ్యమంటుండు!"

"పొమ్మను! నీ పెండ్లాం ఇంకా చదువుతున్నది."

మళ్లీ తెర ముందు కూర్చున్నాను. తిడతారనుకున్నాను. "భయమైందా? భయమైన లైను రెండుసార్లు చదువు" అన్నారు, అంతే. సాయంత్రానికి సరిచేశాం.

తర్వాత కూడా ఆ పేరు వచ్చిన ప్రతిసారీ నేను ఆగేదాన్ని, సారు చెయ్యి చాపేవారు.

సోమవారం ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. కర్ర గోడకు ఆనించి ఉంది. అంతమంది మధ్య దగ్గరికి పోవడానికి భయమేసి గుమ్మంలోనే నిలబడ్డాను. దుప్పటి పక్కన ఆయన కుడి అరచెయ్యి, నేనింకా ఏదో రాయాల్సి ఉన్నట్టు, తెరుచుకునే ఉంది.