సగం ఎవరిది?

ఇవాళ ఆమదాలవలస స్టేషన్‌లో అక్క కనిపించింది. తలసీమియా ఉన్న కూతురికి విశాఖలో రక్తం ఎక్కించి, బావతో, వాళ్లమ్మ అత్తతో తిరిగొస్తోంది. బయాలజీ పాఠాలు చెప్పేవాణ్ణి కదా, ఉత్సాహం ఆగలేదు. హాని చెయ్యని వైరస్‌తో మంచి జన్యువును బయటికి తీసిన ఎముక మజ్జ కణాల్లోకి పంపి, ఆ కణాలను మళ్లీ ఒంట్లోకి ఎక్కించే ప్రయోగాలు విదేశాల్లో జరుగుతున్నాయని చెప్పాను.

"అయితే తప్పు దీని జన్యువుదేనేటి? మా వోడు రాయిలాగున్నాడు," అంది అత్త, అక్కను చూపిస్తూ.

"కాదత్తా, లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు."

ఈ మాట ముందే డాక్టరు నోట విన్న బావ, పట్టాలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఆ వైద్యం మనకెప్పుడొస్తాదిరా?" అంది అక్క. నాకు తెలీదన్నాను.

మీకు తెలిసిన తండ్రి ఎవరైనా "సగం నాదే" అన్నాడా? ఉంటే రాయండి, బావకు చూపిస్తాను.